పక్కింటి అక్క చెప్పని కబురు

నా చిన్నప్పుడు నందిగామ చుట్టుపక్కల వాగులన్నీ ఎండాకాలానికి ఎండిపోయేవి, నా వాగుడు ఒక్కటే ఏడాది పొడుగునా పారేది. ఈ మాట నాది కాదు, మా అమ్మది. వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి గేదె ఈనిందో, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారో నా చెవిన పడిన మరుక్షణం వీధంతా తెలిసిపోయేది. అలాంటి నన్ను దేవుడు ఏరికోరి, ఊరందరి మాటలూ చెవిలోంచి పోతున్నా ఒక్కటి కూడా బయటపెట్టని మనిషి పక్కింట్లో పడేశాడు.

ఆమె మా పక్కింటి అక్క. పోస్టాఫీసు పక్కనున్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చేతికి వాచీ పెట్టుకుని, గొడుగు వేసుకుని, డ్యూటీకి వెళ్ళే ఆడమనిషి మా వీధిలో అప్పటికి ఆమె ఒక్కతే. అప్పట్లో ఫోనంటే ఇప్పట్లా జేబులో మోగేది కాదు. ఊళ్ళో షావుకార్లకీ, డాక్టరుగారికీ, మిల్లులకీ ఉండేది. వాళ్ళు పిడి తిప్పితే ఎక్స్ఛేంజిలో బోర్డు మీద ఒక చిన్న ఇత్తడి రెప్ప టక్కుమని వాలేది. అక్క ఆ రెప్ప కింద తీగ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, రెండో తీగని ఇంకో చోట గుచ్చేది. అంతే, ఈ ఊరి గొంతు ఆ ఊరి చెవిలో పడేది.

బడి వదిలాక నేను ఎక్స్ఛేంజి కిటికీ దగ్గర నిలబడి అదంతా చూస్తూ ఉండేదాన్ని. లోపలికి బయటివాళ్ళు రాకూడదు. కిటికీ ఊచల్లోంచి చూస్తే ఆ బోర్డు నాకు ఎన్నో కళ్ళున్న జంతువు కునికిపాట్లు పడుతున్నట్టు కనిపించేది. మధ్యాహ్నం ఎండలో ఊరంతా నిద్రపోతున్నప్పుడు ఏదో ఒక రెప్ప వాలేది. ఊరు నిద్రలో పలవరిస్తే ఆ పలవరింతని అక్క మెల్లగా పక్క ఊరికి అందించినట్టుండేది. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరైనా అడిగితే, తీగలు గుచ్చుతానని చెప్పేదాన్ని. బుట్టలు అల్లుతాననుకుని కొందరు మెచ్చుకునేవారు కూడా.

డ్యూటీ దిగాక అక్క చేసే మొదటి పని, చేతిసంచీలోంచి పటికబెల్లం పలుకు ఒకటి తీసి బుగ్గన పెట్టుకోవడం. అది కరిగేదాకా నోరు విప్పదు. పోస్టాఫీసు నుంచి మా వీధి మలుపుదాకా అది సరిగ్గా సరిపోయేది. దారిలో ఎవరు పలకరించినా బుగ్గ చూపించి, కళ్ళతో నవ్వి వెళ్ళిపోయేది. నాకూ ఒక పలుకు ఇచ్చేది. నేను దాన్ని పటపటా కొరికేసి మళ్ళీ మాటల్లో పడేదాన్ని. ఎందుకక్కా ఇలా అని ఒకసారి అడిగితే, చప్పరించడం అయ్యాక చెప్పింది. పొద్దుటి నుంచి విన్న మాటలన్నీ గొంతులో ఉంటాయట. అవి ఇంటిదాకా రాకుండా దారిలోనే కరిగిపోవాలట. నా చిన్న బుర్రకి అది తినడానికి మంచి వంకలా తోచింది తప్ప, అందులో ఒక మనిషి ఉద్యోగం మొత్తం ఉందని తెలియలేదు.

అయితే మా వీధివాళ్ళు తక్కువవాళ్ళు కాదు. అక్క నోరు విప్పకపోతే మొహం చదివేవారు. ఆమె నవ్వుతూ వస్తే పత్తి ధర పెరిగినట్టు. తలవంచుకుని వస్తే ఎవరింటికో చావు కబురు వచ్చినట్టు. గొడుగు వేసుకోకుండా గబగబా నడిస్తే జగ్గయ్యపేట రోడ్డు మీద లారీ ఏదో బోల్తా పడినట్టు. ఇందులో పదికి ఒకటి నిజమయ్యేది. ఆ ఒక్కటే అందరికీ గుర్తుండేది.

మా నాన్న పత్తి మిల్లులో కాటా గుమాస్తా. వత్సవాయి నుంచీ వీరులపాడు నుంచీ బళ్ళ మీద వచ్చే పత్తిని తూచి తీసుకోవడం ఆయన పని. పొద్దున నల్లజుట్టుతో వెళ్ళి, సాయంత్రానికి దూది పట్టి తెల్లజుట్టుతో వచ్చేవారు. నూతి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని మళ్ళీ పడుచువాడై భోజనానికి కూర్చునేవారు. ఉద్యోగం ఒంటికి పట్టిందో ఏమో, మాట కూడా తూచి తూచి మాట్లాడేవారు. ఆయన తూచినదానికి రైతూ షావుకారూ ఇద్దరూ మారుమాటాడేవారు కాదు. ఆయన ఏ మాటైనా ఒలకబోశారంటే అది హాస్యం మాత్రమే.

ఒక వేసవి ముందు మిల్లు మూసేస్తారన్న గాలి కబురు మొదలైంది. మిల్లు షావుకారు జగ్గయ్యపేటలో ఉండేవాడు. వారానికోసారి తప్పకుండా నందిగామ వచ్చి కాటా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి, రావడం మానేశాడు. ఒక యంత్రం విప్పి లారీలో ఎక్కించారు. ఎందుకని అడిగితే మేనేజరు ఆకాశంలోకి చూశాడట. మిల్లు కన్నా ముందు మా ఇంట్లో నోళ్ళు మూతపడ్డాయి. నాన్న సాయంత్రాలు అరుగు మీద కూర్చుని చేతికి పట్టిన దూదిపోగుల్ని ఒక్కొక్కటే తీస్తుండేవారు. అమ్మ వడ్డించింది వడ్డించినట్టే ఉండేది.

అప్పుడు మా మేనమామ ముక్త్యాల నుంచి కబురు పెట్టాడు. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు బస్తాలు ఎక్కించే చోట ఒక గుమాస్తా కావాలట. పర్మనెంటు కాదు, షిఫ్టులుంటాయి. సోమవారంలోగా చెప్పకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటారట. నాన్నకి ఆ పని మీద మనసు లేదు. కానీ మిల్లులోంచి పొమ్మనిపించుకోవడం అంతకన్నా కష్టం. పెళ్ళికి ముందు నుంచీ చేస్తున్న కొలువు. పొమ్మన్నాక పోవడమా, ముందే మర్యాదగా తప్పుకోవడమా అన్నది ఆయన్ని తినేస్తోంది. తప్పుకుని వెళ్ళాక మిల్లు నడిస్తే రెంటికీ చెడినట్టవుతుంది.

అమ్మకి ఒక ఉపాయం తోచింది. షావుకారు రోజూ మధ్యాహ్నం మేనేజరుకి ఫోను చేస్తాడు. ఆ లైను కలిపేది మన పక్కింటి పిల్లే.

"దానికి తెలియకుండా ఉంటుందా?" అంది అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, జడ వేస్తూ, గొంతు తగ్గించి. "నువ్వెలాగూ దాని వెనకాలే తిరుగుతావుగా. మంచిగా అడుగు. మా నాన్న సంగతి ఏమన్నా అన్నారా అక్కా అని అడుగు. ఎవరికీ చెప్పనని చెప్పు."

ఎవరికీ చెప్పనని నేను చెబితే నమ్మే మనిషి నందిగామలో లేదన్న సంగతి మా అమ్మ ఆ క్షణంలో మరిచిపోయింది. కష్టం మనిషిని ఎంత అమాయకురాలిని చేస్తుందో.

ఆ సాయంత్రం నేను కిటికీ దగ్గర కాచుకున్నాను. అక్క బయటికి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. సంచీలో చెయ్యి పెట్టి పలుకు తీస్తుందని చూస్తే, పొట్లం మొత్తం తీసి నా చేతిలో పెట్టేసింది. తను ఒక్కటి కూడా వేసుకోలేదు. నేను అడగాల్సింది అడిగాను. ఇంట్లో అన్నం ఎవరూ తినడం లేదనీ, నాన్న ముక్త్యాల వెళ్ళిపోతారేమోననీ, మిల్లు మాట చెబితే ఎవరికీ చెప్పననీ చెప్పి, ఒట్టు కూడా వేశాను. అక్క ఆగింది. నా తల మీద చెయ్యి వేసి నిమిరింది. పక్కనే మా నీడలు రెండూ పొడుగ్గా సాగి ఇళ్ళ గోడల మీదికి ఎక్కి నడుస్తున్నాయి. ఆ రోజు మా వీధి ఎన్నడూ లేనంత దూరం ఉన్నట్టనిపించింది. మలుపు వచ్చినా అక్క నోరు తెరవలేదు.

ఇంట్లో అమ్మ నా చేతిలో పొట్లం చూసింది.

"ఇదేంటి?"

"అక్క ఇచ్చింది. మొత్తం నాకే ఇచ్చేసింది."

"ఏమన్నా చెప్పిందా?"

"లేదు. తల నిమిరింది."

అమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. రోజూ ఒక్క పలుకు ఇచ్చే పిల్ల పొట్లం మొత్తం ఇచ్చిందంటే, పైగా తల నిమిరిందంటే, ఇక అర్థం కాకపోవడానికి ఏముంది? జాలిపడింది. నోటితో చెప్పలేక చేత్తో చెప్పింది. నాన్న మిల్లు నుంచి వచ్చి నూతి దగ్గరికి వెళ్ళబోతుంటే అమ్మ ఈ సంగతి చెప్పింది. నాన్న తెల్లజుట్టుతోనే అరుగు మీద కూర్చున్నారు. "సరే. రేపు మేనేజరుకి చెప్పేస్తా. ముక్త్యాల కబురు పెడదాం" అన్నారు. ఒక మనిషి సగం జీవితం చేసిన ఉద్యోగం అలా ఒక పటికబెల్లం పొట్లం మీద తీర్మానమైపోయింది. ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు మా ఇంట్లో దీపం పెట్టడానికి కూడా ఎవరూ లేవలేదు.

దీపం లేకపోవడం చూసే కాబోలు, అక్క మా ఇంటికి వచ్చింది. చెంపకి తడిగుడ్డ అద్దుకుని ఉంది. అమ్మ లాంతరు వెలిగించి తెచ్చి ఆ వెలుగులో చూస్తే, అక్క ఎడమ బుగ్గ బూరెలా పొంగి ఉంది.

"అయ్యో, ఏమైందే?" అంది అమ్మ.

"పన్ను పిన్నీ. నిన్నటి నుంచీ. లవంగం పెట్టినా తగ్గలా. తీపి తగిలితే ప్రాణం పోతోంది. ఇంకో లవంగం ఉంటే ఇస్తావేమోనని వచ్చా."

అమ్మ నా చేతిలో పొట్లం వంక, అక్క బుగ్గ వంక మార్చి మార్చి చూసింది. మొదట నవ్వింది నాన్న. ఎన్ని రోజులకో నవ్వారు. కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పన్ను నొప్పి అన్నది పొట్లం సంగతే చెప్పింది గానీ మిల్లు సంగతి చెప్పలేదు కదా.

అమ్మ ఇక ఆగలేకపోయింది. లవంగం చేతిలో పెడుతూనే అడిగేసింది.

"నిన్ను ఇబ్బంది పెట్టకూడదనుకున్నా గానీ, రేపు ఈయన మానేస్తా అంటున్నారు. నీకేమన్నా తెలిస్తే ఒక్క ముక్క చెప్పు. మేము మూడో మనిషికి చెప్పం."

అమ్మ ఆ మాట అంటున్నప్పుడు నాన్న నా వంక చూశారు. మూడో మనిషిని నేనే.

అక్క లవంగం బుగ్గన పెట్టుకుంది. అరుగు అంచున కూర్చుంది. ఆమె చెబుతుందేమోనని నేను దగ్గరికి జరిగాను. ఆమెకి తెలిసి ఉంటే, ఒక్క మాటతో మా ఇంటి బెంగ తీరిపోయేది. ఒక్క మాటతో ఆమె ఉద్యోగంలో ఉన్న మర్యాద కూడా పోయేది. ఆ రెండూ ఆ పొంగిన బుగ్గ కింద ఎలా పెనుగులాడాయో నాకు తెలియదు. ఆమె నాన్న వైపు తిరిగి అడిగింది.

"బాబాయ్ గారూ, మీరు షావుకారు గారిని అడిగారా?"

నాన్న తూచుకున్నారు. "నేనెలా అడుగుతానమ్మా? ఆయనే చెప్పాలి గానీ."

"మేనేజరు గారిని అడిగారు. మిల్లులో వాళ్ళని అడిగారు. పిన్ని వీధందర్నీ అడిగింది. ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. ఆయన్నొక్కణ్ణీ అడగలేదు."

"ఎదురుగా నిలబడి, నన్ను తీసేస్తారా అండీ అని అడగమంటావా?"

"ఎదురుగా అయితే మీ నోరు పెగలదు. నాకు తెలుసు. ఫోన్లో అడగండి. ఆయన మొహం మీకు కనబడదు, మీ మొహం ఆయనకి కనబడదు." ఆమె లేచి నిలబడి తడిగుడ్డ మడత మార్చుకుంది. "రేపు మధ్యాహ్నం రండి, నేను లైను కలుపుతా. కలపడమే నా పని బాబాయ్ గారూ. చెప్పడం కాదు. చెప్పడం మొదలుపెడితే రేపటి నుంచి నా చేతి మీదుగా ఎవరు మాట్లాడతారు?"

అమ్మకి కోపం వచ్చింది. ఆమె వెళ్ళాక, ఇరుగూ పొరుగూ అన్న మాటకి అర్థం లేదా అని కాసేపు గొణిగింది. నాన్న మాత్రం లేచి నూతి దగ్గరికి వెళ్ళారు. చీకట్లో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

మర్నాడు శనివారం, ఒంటిపూట బడి. నాన్న నన్ను వెంటబెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళారు. ధైర్యానికి తీసుకెళ్ళారని నేను ఇప్పటికీ అనుకుంటాను. నన్ను ధైర్యానికి తీసుకెళ్ళిన మనిషి ఆయన ఒక్కరే. మాట్లాడే చోటు ఒక చిన్న చెక్కగది, దాని తలుపు సరిగ్గా పడదు. ఆ తలుపు పక్కన నేను నిలబడితే, ఎదురుగా కిటికీలోంచి ఎక్స్ఛేంజి గది కనిపించింది. ఎండ ఆ గదిలోకి ఏటవాలుగా పడి, తీగల మీద దుమ్ము బంగారంలా తేలుతోంది. అక్క బుగ్గ ఇంకా పొంగే ఉంది. ఆమె తీగ గుచ్చింది. ఎవరితోనో రెండు మాటలు మాట్లాడింది. రెండో తీగ గుచ్చింది. నాన్న వంక చూసి తల ఊపింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు నిన్న మొన్న చూసినట్టుంది. తలకి తగిలించుకున్న ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుర్చీ కొంచెం పక్కకి తిప్పి, అటు వైపు కిటికీలోంచి వేపచెట్టుని చూస్తూ కూర్చుంది.

చెక్కగదిలోంచి నాన్న గొంతు నాకు వినిపిస్తోంది. అవతలి గొంతు వినిపించదు. నాకు సగం మాటే అందింది.

"అయ్యా, నేనండీ. కాటా దగ్గర... ఆ, బాగున్నానండీ. లేదండీ, మిల్లు నుంచి కాదు. పోస్టాఫీసు నుంచి." ఆగారు. ఆ ఆగడం ఎంతసేపంటే, అక్క చూస్తున్న వేపచెట్టు మీద కాకి ఒకటి వాలి, అటూ ఇటూ చూసి, ఎగిరిపోయింది. "నా సంగతి మీరేమనుకున్నారో కనుక్కుందామని చేశానండీ."

తర్వాత చాలాసేపు వినడమే. నాన్న వీపు మీద చొక్కా చెమటకి తడిసి అతుక్కుంటోంది. నేను ఆ తడి ఆకారం పెరగడం చూస్తున్నాను. అది మొదట ఆకులా, తర్వాత చేపలా, తర్వాత పడవలా అయింది.

"నేనా అండీ?" అన్నారు ఉన్నట్టుండి. "నేనెప్పుడన్నానండీ రానని? ... అది నవ్వులాటకి అన్నానండీ. అయ్యో. అది నవ్వులాట మాటండీ."

జరిగింది ఏమిటంటే, మిల్లు మూసేయడం నిజమే. పత్తి సీజను అవగానే దానికి తాళం పడుతుంది. షావుకారు జగ్గయ్యపేటలో మిరపకాయల వ్యాపారం పెద్ద ఎత్తున మొదలుపెడుతున్నాడు. అక్కడ కాటా దగ్గర నమ్మకమైన మనిషి కావాలి. ఆయన మనసులో మొదట వచ్చిన పేరు నాన్నదే. కానీ ఎప్పుడో, ఏదో పండగకి జగ్గయ్యపేటకి రమ్మని పిలిస్తే, నాన్న వేళాకోళంగా, "మన నందిగామ మున్నేరు నీళ్ళు పడకపోతే నాకు నిద్రపట్టదండీ" అన్నారట. షావుకారు ఆ మాటని నిజమని లెక్కేసుకున్నాడు. ఊరు వదలని మనిషిని రమ్మని మొహమాటపెట్టడం ఎందుకని, వత్సవాయి నుంచి వేరొకరిని మాట్లాడబోతున్నాడు. ముందు నాన్నకి ఏదో దారి చూపించాక చెబుదామని, ఆ చెప్పడానికే మొహం చెల్లక నందిగామ రావడం మానేశాడు. ఆయన అడగలేదు. ఈయన అడగలేదు. ఇద్దరూ ఒకరి మనసు ఒకరు చదివేసి, తప్పు చదివి, కూర్చున్నారు.

మాటలు అయిపోయిన గుర్తుగా బోర్డు మీద రెప్ప వాలింది. అక్క తిరిగి, తీగలు రెండూ లాగేసింది.

నాన్న బయటికి వచ్చి ఎక్స్ఛేంజి కిటికీ దగ్గర నిలబడ్డారు. చెప్పాలని ఆయన మొహమంతా తహతహగా ఉంది.

"మాట్లాడారా బాబాయ్ గారూ?" అంది అక్క.

"మాట్లాడానమ్మా."

"సరే అయితే." ఏమన్నారు అని ఆమె అడగలేదు. అప్పటికే ఇంకో రెప్ప వాలింది. ఆమె అటు తిరిగింది.

పోస్టాఫీసు మెట్లు దిగుతూనే నాన్న ఆపుకోలేక అంతా నాకు చెప్పేశారు. ఇంటికి వస్తుంటే దారిలో ఇద్దరు ముగ్గురు మమ్మల్ని ఆపారు. ఎండలో పోస్టాఫీసు నుంచి వస్తున్నారేంటి, ఏంటి సంగతి, మిల్లు ఉంటుందా పోతుందా అని. నాన్న నీళ్ళు నమిలారు. నా నాలుక చివర మొత్తం కథ ఉంది. జగ్గయ్యపేట, మిరపకాయలు, మున్నేరు నీళ్ళు, అన్నీ వరుసగా. ఎందుకో ఆ రోజు నా నోరు తెరుచుకోలేదు. అది నాన్న చెప్పాల్సిన మాట, అమ్మ వినాల్సిన మాట. మధ్యలో నేను తీగని. ఆ వయసులో ఇంత స్పష్టంగా అనుకున్నానని చెబితే అబద్ధమవుతుంది. నా బుగ్గ ఎందుకో పొంగినట్టనిపించి మాట్లాడలేకపోయాను, అంతే. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నాన్న చెప్పారు. అమ్మ పమిటతో మొహం కప్పుకుంది. ఆ పమిట వెనక నవ్వుందో ఏడుపుందో చదవడానికి ఆ రోజు మా ఇంట్లో ఎవరూ ప్రయత్నించలేదు. నాన్న దగ్గరికి వెళ్ళి అడిగారు.

ముక్త్యాలకి వద్దని కబురు పోయింది. వానలు పడేలోపు మేము జగ్గయ్యపేట మారిపోయాం. నాన్న జుట్టుకి దూది పట్టడం మానేసి, చొక్కాకి మిరప ఘాటు పట్టడం మొదలైంది. ఆయన ఇంట్లోకి రాగానే మేమంతా తుమ్మేవాళ్ళం. ముసలితనంలో జుట్టు నిజంగానే తెల్లబడేదాకా ఆ కాటా దగ్గరే ఉన్నారు. ప్రతి వేసవికీ షావుకారు తనని ఏమనుకుంటున్నాడో వెళ్ళి అడిగి వచ్చేవారు. ఒక్కోసారి మంచి మాట విని వచ్చేవారు, ఒక్కోసారి మాట పడి వచ్చేవారు. ఎలా వచ్చినా ఆ రాత్రి నిద్రపోయేవారు.

నేను తీగలు గుచ్చే ఉద్యోగానికి వెళ్ళేలోపు ఆ బోర్డులే పోయాయి. సర్కారు ఆఫీసులో చేరాను. ఎవరిని ఎక్కడికి బదిలీ చేయాలి, ఎవరికి ప్రమోషను అన్న కాగితాలు నడిచే సెక్షనులో నా జీవితం గడిచింది. వాగుడుకాయకి అలాంటి సీటు ఇచ్చిన పై అధికారి ఎవరో గాని ధైర్యవంతుడు. బదిలీల నెల వస్తే నా మొహం మీద ఆఫీసంతా కళ్ళే. నేను పెరుగన్నం తొందరగా తింటే ఎవరికో శ్రీకాకుళం అనేవారు. ఏమీ లేదర్రా, ఆకలేసింది అంటే నమ్మేవారు కాదు. పటికబెల్లం కొన్నాళ్ళు వాడాను. తర్వాత షుగరు వచ్చింది. ఒంట్లో ఉన్న తీపి చాలు, నోట్లోది మానమంది డాక్టరమ్మ. అందుకని ఇంకోటి నేర్చుకున్నాను. ఎవరైనా వచ్చి మేడమ్, నా సంగతేమైనా తెలుసా అంటే, మీరు పెద్దసారుని అడిగారా అనేదాన్ని. లేదంటే, పదండి, ఆయన గది దాకా నేనొస్తానని లేచి వెంట నడిచేదాన్ని. తలుపు తెరిచేలోపు వెనక్కి వచ్చేసేదాన్ని. వాళ్ళలో చాలామందికి నా మీద కోపం వచ్చింది, మా అమ్మకి వచ్చినట్టే. అడిగినవాళ్ళందరికీ కావలసింది దొరకలేదు కూడా. నాకు కావలసిన ఊరు నేను అడిగాను, కాదన్నారు. కాదన్న మాట చెవిలో పడ్డాక, ఆశ్చర్యంగా, ఆకలి వేసింది.

అక్క రిటైరయ్యాక ఒకసారి నందిగామలో కలిశాను. ఎన్నేళ్ళయినా నా దురద పోలేదు. మా నాన్న సంగతి ఆ రోజు నీకు ముందే తెలుసా అక్కా అని అడిగాను. ఇప్పుడా ఎక్స్ఛేంజీ లేదు, ఆ షావుకారూ లేడు, మా నాన్నా లేరు. ఇంక చెబితే ఏం పోయింది? ఆమె ఆలోచిస్తున్నట్టు కళ్ళు మూసుకుంది.

"ఏమోనే. ఆ రోజు పన్ను నొప్పి తప్ప నాకేం గుర్తులేదు" అంది.

ఇప్పుడు జగ్గయ్యపేటలో మా ఇంటి మేడ మీద వాటాలో ఒక అమ్మాయి అద్దెకుంటోంది. హైదరాబాదు కంపెనీ పని ఇక్కడే కూర్చుని కంప్యూటరులో చేస్తుంది. మొన్న కరివేపాకు కోసమని వచ్చి, కోసుకోకుండా మా వరండాలో కూర్చుండిపోయింది. మేనేజరు రెండు మీటింగులకి తనని పిలవలేదట. మెసేజి పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుందట. తీసేస్తారని అర్థమైపోయిందట. రాజీనామా రాసి ఉంచిందట, సాయంత్రం పంపేస్తుందట.

"ఆవిణ్ణి అడిగావా?" అన్నాను.

"ఎలా అడుగుతామండీ, బాగోదు. ఉంటే ఆవిడే చెప్తారు కదా."

"ఆవిడ కూడా, ఉంటే నువ్వే అడుగుతావని కూర్చుందేమో."

ఆ పిల్ల ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పింది. పైన తన గదిలో సిగ్నలు సరిగ్గా రాదంది. ఇక్కడ వస్తుందమ్మా, ఇక్కడే మాట్లాడుకో అని కుర్చీ గాలి తగిలే చోటుకి జరిపి ఇచ్చాను. ఆమె నంబరు నొక్కుతుండగా నేను లోపలికి వచ్చి వరండా తలుపు వేశాను. తలుపు వేసినా వినిపిస్తుందేమోనని వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా కొబ్బరిముక్కలు మిక్సీలో వేసి తిప్పాను. మిక్సీ ఆపినప్పుడల్లా చెవులు వాటంతటవే తలుపు వైపు లాగేవి. మళ్ళీ తిప్పేదాన్ని. ఆ పచ్చడి గంధంలా అయింది.

కొంతసేపటికి ఆమె తలుపు తీసుకుని వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి. పెదవుల మీద ఏదో ఉంది. అది నవ్వో కాదో చదవబోయి, ఆగాను.

"మాట్లాడావా అమ్మా?" అన్నాను.

"మాట్లాడానండీ."

"సరే అయితే" అన్నాను. అని, కరివేపాకు కోసి ఇచ్చాను. ఏమందో అడగలేదు. తనంతట తను చెబితే కాదనకుండా విందామని మాత్రం, పనేమీ లేకపోయినా, కాసేపు అక్కడే నిలబడ్డాను.